శెట్టెమ్మ నోరు తెరవని రోజు

కొత్త చీర మడత విప్పగానే గుప్పున ఒక వాసన వస్తుంది. గంజి, రంగు, బేలు చుట్టి తెచ్చిన గోనెపట్టా, అన్నీ కలిసిన వాసన. ఇవాళ పొద్దున అంగడి తెరిచి, నిన్న దిగిన సరుకులో పై చీర విప్పానో లేదో, ఆ వాసన ముక్కుకు తగిలింది. కాళ్లు వాటంతటవే గడప దగ్గరికి నడిచాయి. చీరను ఎండలోకి చాపి పట్టుకొని నిలబడ్డాను. ట్యూబులైటు కింద ప్రతి చీరా అందంగానే ఉంటుంది, ఎండలో చూడకుండా ఏదీ కొనకూడదని నాకు నేర్పిన మనిషి ఇప్పుడు లేదు. కడప ఎండ మాత్రం ఉంది. అది ఎక్కడికి పోతుంది!

ఆమె పేరు సుబ్బరత్నమ్మ. ఆ పేరుతో పిలిచిన వాళ్లను నేను చూడలేదు, ఊరందరికీ ఆమె శెట్టెమ్మే. భర్త పోయాక చీరల అంగడిని ఒంటి చేత్తో నడిపింది. పొట్టి మనిషి. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతుండేది, దాన్ని పెట్టుకోగా చూసింది తక్కువ. గొంతు మాత్రం పెద్దది, గద్దె మీద నుంచి కేకేస్తే వెనక గోడౌనులో ఉన్న మాకు ఉలిక్కిపాటు. నేను ఆలూరు నుంచి డిగ్రీ పట్టా పట్టుకొని వచ్చి ఆమె దగ్గర పనిలో చేరాను. మొదటి రోజే నా పేరు అడిగి, "హేమావతా? అంత పొడుగు పేరు పిలిచేలోపల గిరాకీ పక్కంగడికి పోతాది. హేమా అంటా, పలుకు" అన్నది. పలికాను. చాలా ఏళ్లు పలుకుతూనే ఉన్నాను.

ఆమె సరుకు కొనే తీరు చూడాలి! ధర్మవరం వైపు నుంచి ఏజెంట్లు మూటలు విప్పి కూర్చునేవాళ్లు. ఆమె చీరను గడప దాకా తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా వచ్చి కూర్చొని ఒకే మాట అడిగేది. "అంతా బాగుండాది గానీ, లోపమేందో చెప్పప్పా?" ఒకాయన నవ్వి, "లోపమేముంటాది శెట్టెమ్మా, నూటికి నూరు" అన్నాడు. "అట్లయితే మూట కట్టుకో నాయనా" అన్నది. ఆయన మొహం చూడాలి! ఆ తర్వాత ఒక ముసలి నేతాయన వచ్చాడు. అదే ప్రశ్న. ఆయన తల గోక్కొని, "ఈ ఎరుపు ఉండాదే, మొదట్లో ఉప్పునీళ్లలో జాడించకపోతే పక్క గుడ్డకు అంటుతాదమ్మా. జాడిస్తే ఇంగ భయం లేదు" అన్నాడు. శెట్టెమ్మ మొహం వెలిగిపోయింది. "ఏమ్మే హేమా, ఈయనకు కాఫీ తెప్పించు!" అని కేకేసింది. నాకు అప్పుడు ఆమె వెర్రి మనిషేమో అనిపించింది. లోపం ఒప్పుకున్న వాడికి కాఫీ ఏమిటి, లేదన్న వాడికి గడప చూపడం ఏమిటి! ఆ సంగతి నాకు తెలిసొచ్చింది చీరల దగ్గర కాదు.

నా చెల్లెలు వేణి అప్పుడు కడపలోనే డిగ్రీ చదువుతూ నా గదిలో ఉండేది. నవ్వితే వీధి చివరి దాకా వినబడే పిల్ల. ఆ ఏడాది ఉన్నట్టుండి నవ్వడం తగ్గించింది. మేడ మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే నిద్ర. ఆపైన కళ్లు పచ్చబడ్డాయి. ఇంకేముంది! మా వైపు కళ్లు పచ్చబడితే దానికి ఒకే పేరు, కామెర్లు. ఒకే వైద్యం, పసరు. అమ్మ ఆలూరు నుంచి ఉన్నపళంగా బస్సెక్కి వచ్చి, దాన్ని తీసుకుపోయి పసరు తాగించింది. ఇక పథ్యం మొదలు. ఉప్పు లేదు, కారం లేదు, తాలింపు వాసన కూడా తగలకూడదు. చప్పటి అన్నం, మజ్జిగ. రాయలసీమలో పుట్టిన పిల్లను కారం లేకుండా ఉంచడమంటే మాటలా! వేణి కళ్లనీళ్లు పెట్టుకొని మింగేది. నెల గడిచినా పచ్చదనం తగ్గలేదు సరికదా పెదాలు తెల్లబడ్డాయి. "దొంగతనంగా ఏమన్నా తినింటావు, అందుకే తగ్గలా" అని అమ్మ దాన్నే కోప్పడింది.

ఒక మధ్యాహ్నం వేణి గది తాళంచెవి కోసం అంగడికి వచ్చింది. గడప మీద కాలు పెట్టి అక్కడే కూలబడిపోయింది. నేను పరుగెత్తేలోపలే శెట్టెమ్మ గద్దె దిగి వచ్చి, గడ్డం పట్టుకొని దాని మొహాన్ని ఎండకు తిప్పింది.

"ఏమ్మే, ఈ పిల్ల ఇట్లుండాదేంది?"

"కామెర్లమ్మా. పసరు పోయించినాం."

"ఎప్పుడు పోయించినారు?"

"నెలయింది."

"తగ్గిందా?"

"లేదు."

"తగ్గనిదానికి అదే పేరు, అదే మందు ఎందుకు పట్టుకోని కూచున్నారు? నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలిసినోళ్ల దగ్గరికి పోదాం పా. ఆటోను పిలువు!"

పెద్దాసుపత్రిలో రక్తం చూసి డాక్టరు గబగబా లేచాడు. మనిషి నడిచి వచ్చిందంటేనే ఆశ్చర్యం, వెంటనే రక్తం ఎక్కించాలి అన్నాడు. నాదీ వేణిదీ ఒకే గ్రూపు. హమ్మయ్య, ఇంతేనా అనుకొని చెయ్యి చాచి నా రక్తం ఇచ్చాను. దాన్ని వేణి రక్తంతో కలిపి చూశారు. కలవలేదు. నా ఫోను అందుకొని వచ్చిన అమ్మా ఇచ్చింది, అదీ కలవలేదు. బ్లడ్ బ్యాంకులో ఉన్న అదే గ్రూపు సంచులన్నీ ఒక్కొక్కటిగా చూశారు. ఒక్కటీ కలవలేదు! వార్డులో పక్క మంచం దగ్గర కూర్చున్నామె చెవులు రిక్కించి, "తోడబుట్టిన దాని రక్తం గూడా కలవలేదంటనే! ఒకే తల్లి బిడ్డలేనా?" అని తన కోడలితో గుసగుసలాడింది. ఆ గుసగుస వార్డంతా వినబడింది. అమ్మ లేచి కొంగు నడుముకు దోపింది. "ఏమన్నావే? ఇద్దరినీ ఈ కడుపునే కన్నా! రక్తం కలవకుంటే నా బిడ్డల పుట్టుకను అడుగుతావా?" అని ఆమె మీదికి పోయింది. నర్సు వచ్చి విడదీయాల్సి వచ్చింది. గొడవ అయ్యాక అమ్మ నేల మీద కూర్చొని, "కలవకపోవడమేందే హేమా? నా బిడ్డ రక్తం ఎవురితో కలవాల?" అని ఏడ్చింది.

శెట్టెమ్మ మాత్రం ఏడ్చే మనిషి కాదు. నా చెయ్యి పట్టుకొని, సంచుల మీద పరీక్ష చేసిన డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. "కలవలేదని చెప్తివి గదా తల్లీ. ఎందుకు కలవలేదో గూడా చెప్పు" అన్నది. ఆ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. వేణి ఒంట్లో ఏదో తేడా వచ్చి తన రక్తాన్నే పరాయిదనుకొని విరిచేస్తోందట. తన రక్తాన్నే ఒప్పుకోనిది అక్క రక్తాన్ని ఒప్పుకుంటుందా? కళ్ల పచ్చదనం కూడా విరిగిన రక్తానిదే, కామెర్ల రోగానిది కాదు. "దీన్ని చూడాల్సింది రక్తరోగాల స్పెషలిస్టు. హెమటాలజిస్టు అంటారు" అన్నది. "ఆలస్యం చేయకండి."

"ఏం టాలజిస్టు?" అన్నది శెట్టెమ్మ.

"హెమటాలజిస్టు."

"సూడుమే! నీ పేరుతోనే డాక్టరుండాడు! హేమటాలజిస్టు!" అని ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. అంతసేపూ ఆ రోగానికి పేరు లేదు, దాన్ని చూసేవాడికి పేరు లేదు. ఒక పేరు దొరికేసరికి చీకటి గదిలో స్విచ్చి చేతికి తగిలినట్టయింది.

ఇక వెతుకులాట! శెట్టెమ్మ అంగడికి ఫోను చేసి, "రక్తం డాక్టరు యాడుండాడో కనుక్కోండప్పా, శానా అర్జెంటు" అన్నది. కాసేపటికి ఒకాయన సూదీ దూదీ పట్టుకొని చెమటలు కక్కుతూ వార్డులోకి వచ్చాడు. "ఎవురికమ్మా రక్తం తీయాల్సింది?" మా వాళ్లు పక్క సందులోని ల్యాబు నుంచి పంపించారు. మా ఊళ్లో రక్తం డాక్టరంటే రక్తం తీసేవాడే మరి! ఆయనను పంపేలోపల ఇంకొకరి ఫోను, ఫలానా చోట రక్తశుద్ధి లేహ్యం బ్రహ్మాండంగా ఇస్తారని. నేను నా ఫోనులో వెతికాను. కర్నూలులో ఒక పేరుకు నక్షత్రాలు నిండుగా ఉన్నాయి. సంబరంగా చూపించాను. "నక్షత్రాలు పెట్టినోళ్లు ఏం రాసినారో చదువు" అన్నది శెట్టెమ్మ. చదివాను. ఏసీ బాగుంది. పార్కింగు కష్టం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది.

"రక్తం గురించి ఒక్కరన్నా రాసినారా?"

"లేదమ్మా."

"అయితే మూసెయ్. మనం కూలర్లు కొంటాండామా?"

చివరికి మళ్లీ బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మనే అడిగాం. ఆమె కర్నూలులో ఇద్దరి పేర్లు చెప్పింది. ఒకాయన పెద్ద ఆసుపత్రిలో క్యాన్సరూ రక్తరోగాలూ రెండూ చూస్తాడు. ఇంకొకామె కేవలం రక్తరోగాలే చూస్తుంది, కొత్తగా వచ్చింది, చిన్న నర్సింగ్ హోములో ఉంటుంది. "ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మాట్లాడి, మీకు ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటే వాళ్ల దగ్గర ఉండండి" అన్నది. ఆసుపత్రి వాళ్లు కాగితం రాసి, ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు ఎక్కించారు. శెట్టెమ్మ అంగడికి తాళం వేయించి మాతో ఎక్కింది. పెండ్లిళ్ల కాలం! ఆ సీజనులో ఆమె జ్వరమొచ్చినా అంగడి మూసింది లేదు. "మీరెందుకమ్మా" అంటే, "మూసుకోని కూచో, నాకు అంబులెన్సు ఎక్కాలని శానా దినాలుగా ఆశ" అన్నది. దారి పొడుగునా వేణి చెయ్యి తన ఒళ్లో పెట్టుకొనే ఉంది.

కర్నూలులో ముందు పెద్ద ఆసుపత్రికే పోయాం. ఆ డాక్టరు మంచి మనిషి. వేణిని వెంటనే చూశాడు. కాగితాలు చదివి, "భయపడకండి" అన్నాడు. శెట్టెమ్మ తన మాట తాను అడగనే అడిగింది. "అంతా బాగుండాది గానీ సారూ, మీరిచ్చే మందులో లోపమేంది?" ఆయన నవ్వాడు. "లోపమేం లేదమ్మా. నూటికి నూరు తగ్గిపోతుంది. నాకు వదిలేయండి." అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వేణి పడిపోయినప్పటి నుంచి అమ్మ మొహంలో వెలుగు రావడం అదే మొదలు. నేను శెట్టెమ్మ వైపు చూశాను. ఆమె మొహం మూట కట్టుకో నాయనా అన్నప్పటి మొహంలా ఉంది. ఆ డాక్టరు మా వాలకం గమనించి, విసుక్కోకుండా, "కావాలంటే ఇంకొకరిని కూడా అడగండి. కానీ త్వరగా చెప్పండి, పిల్లకు టైము లేదు" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు నమస్కారం పెడతాను.

అమ్మను వేణి దగ్గర ఉంచి మేమిద్దరం ఆటోలో పరుగెత్తాం. కింద మందుల షాపు, పైన నర్సింగ్ హోము. బోర్డు కూడా సరిగ్గా కనబడదు. డాక్టరమ్మ నాకంటే కొంచెం పెద్దదేమో. జడ వేసుకొని, టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి మా కాగితాలు అందుకుంది. చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను శెట్టెమ్మ అడుగుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె అడగలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, నేల చూస్తూ కూర్చుంది. నేను మోచేత్తో పొడిచాను. ఊహూ! గోడౌను దాకా వినబడే గొంతు ఆ గదిలో పలకలేదు. డాక్టరమ్మ తలెత్తి మమ్మల్ని చూస్తోంది. అక్కడ వేణికి టైము లేదు. డిగ్రీ చదివిన నోటికి ఆ పూట ఒక్క పెద్ద మాటా రాలేదు, అంగడి మాటే వచ్చింది.

"మేడం... మీ మందులో లోపమేంది?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. డాక్టరమ్మ నవ్వలేదు, కోపగించుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మంచి ప్రశ్న. మొదట ఇచ్చే మందు చాలామందికి పనిచేస్తుంది, అందరికీ కాదు. పనిచేసినా ఈ పూటకే కాదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు దాటించడమే కష్టం. మొహం ఉబ్బుతుంది. షుగర్ రావచ్చు. ఆకలికి ఇంట్లో వాళ్లను పీక్కుతింటుంది. తగ్గిన తర్వాత మళ్లీ రావచ్చు. మొదటిది పనిచేయకపోతే వేరే మందులున్నాయి. వాటి లోపాలు ఆ రోజు చెబుతాను."

"రక్తం కలవడం లేదు కదా మేడం?"

"కలవదు. పూర్తిగా కలిసేది దొరకదు కూడా. ఉన్నవాటిలో తక్కువ గొడవ పెట్టేది ఎంచుకొని, కొంచెం కొంచెంగా ఎక్కించాలి. నేను పక్కనే కూర్చుంటాను. అందులో ప్రమాదం ఉంది. ఎక్కించకపోతే ఇంకా పెద్ద ప్రమాదం."

నాకు ధైర్యం వచ్చేసింది. ఇంకొకటి అడిగాను. "ఇట్లాంటి వాళ్లను మీరు చూసినారా?"

"చాలామందిని చూశాను. అందరినీ బతికించలేకపోయాను." ఆమె కాగితంలో వేణి వయసు చూసింది. "మీ చెల్లెలు వయసులో చిన్నది, అది మనకు మంచిది. ఎందుకొచ్చిందో మాత్రం నాకు ఇప్పుడు తెలీదు. వెతుకుతాను."

ఎరుపు అంటుతాదమ్మా, జాడిస్తే భయం లేదు అన్న నేతాయన నా కళ్ల ముందు నిలబడ్డాడు. ఆ గదిలో విన్న మాటలన్నీ భయపెట్టేవే, అయినా నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంతసేపటికి ఎవరో మాకు సరుకును ఎండలో పెట్టి చూపించారు! అమ్మకు ఫోను చేసి విన్నదంతా చెప్పాను. అమ్మ గోలపెట్టింది. "ఆయన నూటికి నూరు అన్న్యాడు గదే! ఈయమ్మ అందర్నీ బతికించలేదంటాంది, ఆమె దగ్గరికి బిడ్డను తీసుకపోతావా? నీకేమన్నా పిచ్చా?" నేను శెట్టెమ్మ వైపు చూశాను, ఈసారైనా ఫోను లాక్కొని మాట్లాడుతుందేమోనని. ఆమె మెల్లగా, "అంగడి నాది. చెల్లెలు నీది. నువ్వు చెప్పాల" అన్నది. అంతే. "అమ్మా, ఈమె దగ్గరికే తీసుకొస్తాం. వేణిని తయారుచెయ్" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

వేణిని తెచ్చాక డాక్టరమ్మ చెప్పినట్టే పక్కన కూర్చుంది. రక్తం చుక్క చుక్క దిగుతుంటే ఆమె ఒక కన్ను దాని మీద, ఒక కన్ను వేణి మొహం మీద ఉంచింది. మధ్యలో అమ్మను అడిగింది, "పసరు ఏమన్నా తాగించారా?" అమ్మ తల వంచుకొని అవునంది. "అందరూ తాగిస్తారు. దానివల్ల వచ్చింది కాదమ్మా ఇది. నెల మాత్రం పోయింది. పోనీండి, ఇప్పుడు వచ్చారు కదా." అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని ఆమె దగ్గరికి కుర్చీ జరుపుకుంది. ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. రోజూ పొద్దున వేణి కింది రెప్ప లాగి, కిటికీ వైపు తిప్పి చూసేవాళ్లం. పచ్చగానే ఉండేది. మళ్లీ పచ్చగానే ఉండేది. ఒక పొద్దున అది లేచి కూర్చొని, ముక్కు ఎగబీల్చి, "అక్కా, కింద ఎవురో మిరపకాయ బజ్జీలు వేస్తాండారు. ఉగ్గానీ బజ్జీ తెచ్చిస్తావా? కారం శానా ఉండాల" అన్నది. అమ్మా, నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. డాక్టరమ్మ వచ్చి రెప్ప లాగి చూసి, రిపోర్టు చూసి, "తెచ్చివ్వండి, కొంచెం" అన్నది. నేను మెట్లు దిగానా, దూకానా! ఆ బొరుగుల ఉగ్గానీ, బజ్జీ పొట్లం పట్టుకొని వీధిలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. బండాయన కంగారుపడి, "కారం ఎక్కువాయనా తల్లీ?" అన్నాడు.

మొహం నిజంగానే ఉబ్బింది. పొంగిన పూరీలా ఉన్నావని ఏడిపించాను. ఆకలికి నిజంగానే మమ్మల్ని పీక్కుతింది. ఏడాది తర్వాత రోగం తిరిగి వచ్చింది, అదీ ఆమె చెప్పినట్టే. ఈసారి మేం బెదరలేదు, రెండో మందు లోపాలు విని మొదలుపెట్టాం. ఇప్పుడు వేణి బళ్లో పాఠాలు చెబుతోంది. దాని నవ్వు మళ్లీ వీధి చివరి దాకా వినబడుతోంది, పక్కింటివాళ్లు విసుక్కుంటున్నారు కూడా. నాకు మాత్రం ఆ రోజుతో కొత్త పేరు పడింది. శెట్టెమ్మ గిరాకీలందరికీ, "మా హేమటాలజిస్టుండాది, ఆమెనడగండి" అని చెప్పేది. బజారంతా అదే పిలుపు. ఎవరింట్లో ఎవరికి రక్తం తగ్గినా, ప్లేట్‌లెట్లు పడినా ముందు నాకు ఫోను.

చాలా ఏళ్లు నేను ఒకటి గట్టిగా నమ్మాను. ఆ రోజు శెట్టెమ్మ కావాలనే నోరు మూసుకుంది, నా చేత అడిగించాలని, నన్ను మనిషిని చేయాలని. ఎంత తెలివైన గురువు అని పదిమందికి చెప్పుకున్నాను కూడా. ఆమె మోకాళ్లు పట్టేసి గద్దె నాకు అప్పగించి ఇంటి పట్టున ఉన్నప్పుడు ఒక సాయంత్రం పోయి పక్కన కూర్చొని, "ఆ పొద్దు నాకు పాఠం చెప్పాలనే గదమ్మా మీరు మాట్లాడకుండా కూచుంటిరి?" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"పాఠమా పాడా! భయమేసిందిమే నాకు."

"మీకా?"

"నాకే. ఆ పెద్ద డాక్టరును అడిగేటప్పుడు ఇంగొకరు ఉండారులే అనే ధైర్యముండె. ఈయమ్మ గూడా నూటికి నూరు అనిందంటే ఇంగ యాడికి పోతాం? పిల్లకు చూస్తే టైము లేదు. అడిగేదానికి నోరు రాలా. నువ్వు అడిగినావు. నాకు రాని ధైర్యం నీకు వచ్చింది, నేనెందుకు అడ్డమొస్తా?"

ఆమె నా చెయ్యి తట్టి, "గద్దె ఊరికే ఇచ్చినాననుకున్నావా" అన్నది. ఆ ఏడాదే ఆమె పోయింది.

ఇవాళ చీర ఎండలో పట్టుకొని నిలబడి ఉండగానే ఫోను మోగింది. కొత్త నంబరు. బనగానపల్లె నుంచి ఎవరో అమ్మాయి. "హేమటాలజిస్టక్కేనా? మా నాయనకు రక్తం ఎక్కడం లేదంటాండారు. మంచి డాక్టరు పేరు చెప్పక్కా." చీర భుజాన వేసుకొని గడప మీదే కూర్చున్నాను. "పేర్లు చెప్తా తల్లీ, రాసుకో. పోయినాక ఒక మాట అడగాల నువ్వు. మీ మందులో లోపమేంది అని అడుగు."

"డాక్టర్ను అట్లెట్ల అడుగుతామక్కా? నాకు భయం."

"నాకూ భయమే ఉండె. మా శెట్టెమ్మకు ఇంకా ఎక్కువుండె. భయంతోనే అడుగు."